2011లో చెప్పిన డబ్బు, 2025లో వచ్చిన లిస్టు: బెల్‌ఫాస్ట్ ఫుట్‌బాల్ గ్రౌండ్ల వెనక కథ

2025 జూన్‌లో, బ్రిటన్ పాలనలో ఉన్న నార్తర్న్ ఐర్లాండ్‌లో 20 ఫుట్‌బాల్ క్లబ్బుల లిస్టు ఒకటి బయటికొచ్చింది, గ్రౌండ్లు బాగుచేసుకోడానికి గవర్నమెంట్ ఇచ్చే ఫండ్‌లో తర్వాతి రౌండ్‌కి వెళ్లేవి ఇవే అని. ఫండ్ 3.62 కోట్ల పౌండ్లు. లిస్టులో ఉన్నవాళ్లు సంబరపడ్డారు, లేనివాళ్లు నిరాశపడ్డారు, అది ఎక్కడైనా ఉండేదే. అసలు విషయం ఏంటంటే ఈ 3.62 కోట్లు కొత్త డబ్బు కాదు, సరిగ్గా ఇదే అంకెని అక్కడి ప్రభుత్వం 2011 మార్చిలోనే ప్రకటించింది. స్కీమ్ పేరు మారింది, అంకె మాత్రం అలాగే ఉండిపోయింది, ఈ మధ్యలో సిమెంటు, స్టీలు, కూలీ రేట్లు ఎక్కడికి పోయాయో చెప్పక్కర్లేదు.

ఇంతకాలం ఎందుకు ఆగిందో తెలియాలంటే జైలు దగ్గర మొదలుపెట్టాలి. మేజ్ అని బెల్‌ఫాస్ట్ బయట ఒక జైలు ఉండేది, బ్రిటిష్ పాలన మీద తుపాకీ పట్టిన బాబీ శాండ్స్, ఇంకో తొమ్మిది మంది ఖైదీలు 1981లో నిరాహారదీక్షలో చనిపోయింది అక్కడే. కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల గొడవకి ముగింపుగా 1998లో జరిగిన శాంతి ఒప్పందం తర్వాత ఖైదీలు బయటికెళ్లిపోయారు, జైలు ఖాళీ అయింది, అప్పుడు ఆ స్థలంలో ఫుట్‌బాల్, రగ్బీ, గేలిక్ ఆటలు (హర్లింగ్ లాంటి ఐర్లాండ్ సొంత ఆటలు) మూడింటికీ కలిపి ఒకే పెద్ద స్టేడియం కడదామన్నారు. పేపర్ మీద భలే ఐడియా. కానీ నేషనల్ టీమ్ ఫ్యాన్స్ ఊరొదిలి అంత దూరం మేం రాం అన్నారు, జైలు గోడల మధ్య ఆట ఏంటని కొందరికి ఇబ్బంది, అదే స్థలాన్ని ఆ చనిపోయిన ఖైదీల త్యాగాలకి గుర్తుగా చూపిస్తారేమో అని ఇంకొందరికి అనుమానం. 2009 జనవరిలో ఆ ప్లాన్‌ని పక్కన పడేశారు.

ఒకటి వద్దన్నాక మూడు కట్టాల్సొచ్చింది. 2011లో చెప్పింది అదే: రగ్బీకి రావెన్‌హిల్, ఫుట్‌బాల్‌కి విండ్సర్ పార్క్, గేలిక్ ఆటలకి కేస్‌మెంట్ పార్క్, మూడింటికీ కలిపి 11 కోట్ల పౌండ్లు, ఆ తర్వాత చిన్న క్లబ్బుల గ్రౌండ్లకి విడిగా ఈ 3.62 కోట్లు. అక్కడ ఒక ఆటకి ఇచ్చి ఇంకో ఆటకి ఇవ్వకపోతే అది స్పోర్ట్స్ వార్త కాదు, రాజకీయ గొడవ. గేలిక్ ఆటలంటే దాదాపు కాథలిక్ వర్గానివి, రగ్బీ ఎక్కువగా ప్రొటెస్టెంట్ వర్గానిది, ఫుట్‌బాల్ రెండు వైపులా ఆడతారు కానీ ఏ క్లబ్ ఎవరిదో ఊర్లో అందరికీ తెలుసు. ఇది ఇప్పటి గొడవ కూడా కాదు. 1948 డిసెంబర్ చివర్లో విండ్సర్ పార్క్‌లో మ్యాచ్ అయిపోగానే జనం పిచ్ మీదకి దూకి, కాథలిక్‌ల క్లబ్‌గా పేరున్న బెల్‌ఫాస్ట్ సెల్టిక్ ఫార్వర్డ్ జిమ్మీ జోన్స్ కాలు విరగ్గొట్టారు, ఆ సీజన్‌తో సెల్టిక్ లీగ్ నుంచి తప్పుకుంది, మళ్లీ రాలేదు, వాళ్ల గ్రౌండ్ ఉన్నచోట ఇప్పుడు షాపింగ్ సెంటర్ ఉంది. 1972లో, కాథలిక్‌లు ఎక్కువున్న డెర్రీ ఊరి క్లబ్ డెర్రీ సిటీ కూడా అలాగే బయటికెళ్లింది, చివరికి 1985లో బోర్డర్ అవతల ఐర్లాండ్ లీగ్‌లో చేరింది.

ఇక చిన్న గ్రౌండ్ల సంగతి. ఈస్ట్ బెల్‌ఫాస్ట్‌లో గ్లెంటోరన్ క్లబ్ ఆడే ఓవల్ చూస్తే చాలు, మొత్తం సమస్య అర్థమైపోతుంది. స్టాండ్ వెనక షిప్‌యార్డ్‌లోని రెండు పసుప్పచ్చ భారీ క్రేన్లు కనపడతాయి, పక్కన ఎయిర్‌పోర్ట్, మ్యాచ్ మధ్యలో విమానాలు దిగుతుంటాయి. ఫోటోలు తీసుకోడానికి అంతకంటే మంచి గ్రౌండ్ యూరప్‌లో ఉండదేమో. 1941లో జర్మన్లు షిప్‌యార్డ్ మీద వేసిన బాంబులు దీని మీద కూడా పడ్డాయి, గ్రౌండ్ ధ్వంసమైంది, క్లబ్ చాలా ఏళ్లు వేరేవాళ్ల గ్రౌండ్‌లో ఆడుకుని 1949లో తిరిగొచ్చింది, మెయిన్ స్టాండ్ 1953 నాటిది. అంటే యుద్ధం తర్వాత కట్టిందే ఇప్పటికీ నడుస్తోంది. 2006లో స్పోర్ట్స్ గ్రౌండ్ల సేఫ్టీ మీద కొత్త చట్టం వచ్చింది, పెద్ద గ్రౌండ్లకి సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు, పాత టెర్రస్‌లు, అంటే నిలబడి చూసే మెట్లు ఉన్న క్లబ్బుల్లో ఎంతమందిని లోపలికి పంపొచ్చనే లెక్క తగ్గిపోయింది. రూల్ వచ్చేసింది, దానికి తగ్గట్టు కట్టుకోడానికి కావాల్సిన డబ్బు మాత్రం ప్రకటన దగ్గరే ఆగింది.

మరి ఎందుకు ఆగింది? 2015 చివర్లో జనం అభిప్రాయాలు అడుగుతూ కన్సల్టేషన్ పెట్టారు, 2016లో అది ముగిసింది, ఇక అప్లికేషన్లు తీసుకోవడమే అనుకుంటుండగా 2017 జనవరిలో ప్రభుత్వమే కూలిపోయింది. కారణం ఫుట్‌బాల్ కాదు, బాయిలర్లు. చెక్క పెల్లెట్లు కాల్చే బాయిలర్లకి సబ్సిడీ స్కీమ్ ఒకటి పెట్టారు, అందులో ఒక పౌండ్ పెట్టి కాలిస్తే 1.60 పౌండ్ల దాకా వెనక్కి వచ్చేది, జనం ఖాళీ షెడ్లు కూడా వేడి చేసుకున్నారని ఆరోపణలు వచ్చాయి, ఆ గొడవలో కాథలిక్ వర్గం పార్టీ సిన్ ఫెయిన్ నేత, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ మార్టిన్ మెక్‌గిన్నెస్ రాజీనామా చేశారు. అక్కడ రెండు వర్గాల పార్టీలు కలిసి కూర్చుంటేనే ప్రభుత్వం, ఒకరు లేచి వెళ్తే అంతా బంద్. మూడేళ్లు మంత్రులే లేరు, 2020 జనవరిలో మళ్లీ కూర్చున్నారు, 2022 ఫిబ్రవరిలో బ్రెగ్జిట్ ఒప్పందం మీద అలిగి ఈసారి ప్రొటెస్టెంట్ వర్గం పార్టీ డీయూపీ లేచింది, తిరిగొచ్చేసరికి 2024 ఫిబ్రవరి. ఈ మధ్యలో కొవిడ్ ఒకటి. శంకుస్థాపన రాయి వేసి వదిలేయడం మనకి అలవాటే, ఇక్కడ ఆ రాయి కూడా పడలేదు.

పెద్ద స్టేడియాల్లో రావెన్‌హిల్ 2014కి, విండ్సర్ పార్క్ 2016కి అయిపోయాయి. కేస్‌మెంట్ మాత్రం ఇరుక్కుపోయింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకెళ్లారు, 2014 డిసెంబర్‌లో హైకోర్టు ప్లానింగ్ పర్మిషన్ కొట్టేసింది, మళ్లీ పర్మిషన్ వచ్చేసరికి 2021. 2023లో యూరో 2028 ఫుట్‌బాల్ టోర్నీ మ్యాచ్‌లు అక్కడ పెడతామన్నారు, 2024 సెప్టెంబర్‌లో లండన్ ప్రభుత్వం దానికి డబ్బు పెట్టడం మా వల్ల కాదు అంది. మొదట 7.75 కోట్ల పౌండ్లు అనుకున్న స్టేడియం, యూరో దక్కినప్పుడు 18 కోట్లని, చివరికి 40 కోట్లు దాటొచ్చని అన్నారు. చిన్న గ్రౌండ్ల మీద దీని నీడ కూడా పడింది, ఎందుకంటే ఫుట్‌బాల్‌కి ఏమిచ్చినా వెంటనే మరి కేస్‌మెంట్ సంగతేంటి అని అవతలివైపు, కేస్‌మెంట్‌కి ఇంకో రూపాయి అనగానే మా క్లబ్బుల సంగతేంటి అని ఇవతలివైపు. నన్నడిగితే రెండువైపులా న్యాయం ఉంది, కానీ ఈ బేరంలో ఎక్కువ నష్టపోయింది మాత్రం టికెట్ డబ్బుల మీద బతికే చిన్న క్లబ్బులే.

2024లో కమ్యూనిటీస్ మంత్రి గోర్డన్ లయన్స్ పాత స్కీమ్‌ని నార్తర్న్ ఐర్లాండ్ ఫుట్‌బాల్ ఫండ్ అని కొత్త పేరుతో మొదలుపెట్టారు. 3.62 కోట్లని 20 క్లబ్బులకి సమానంగా పంచితే తలా 18 లక్షల పౌండ్లు, సమానంగా పంచరు అనుకోండి, కొన్నిటికి చాలా ఎక్కువ కావాలి, కొన్నిటికి ఫ్లడ్‌లైట్లు, టాయిలెట్లు సరిగ్గా పెట్టుకుంటే చాలు. లిస్టులో పేరు వచ్చినంత మాత్రాన చెక్కు చేతికి రాదు, స్థలం ఎవరి పేరు మీద ఉంది, క్లబ్ లెక్కలు ఎలా ఉన్నాయి, కట్టాక నడపగలరా, ఇవన్నీ చూశాకే. 2027 మేలో అసెంబ్లీ ఎన్నికలున్నాయి, ఆలోపు ఎన్ని క్లబ్బులు కాంట్రాక్టర్‌తో సంతకం దాకా వెళ్తాయో చూడాలి, ఎందుకంటే ఎన్నికలయ్యాక అక్కడ ప్రభుత్వం వెంటనే ఏర్పడుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.