స్టిక్కర్ పోయింది, బంక మిగిలింది

పోయిన ఎండాకాలం మా మేనల్లుడు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి కొనుక్కుని విశాఖ మద్దిలపాలెంలో మా ఇంటికి పట్టుకొచ్చాడు. గిటార్ బాగానే మోగుతోంది గానీ పాత ఓనరు దాని మీద ఖాళీ అన్నది ఉంచలేదు, పుర్రెలు, మంటలు, రెక్కలు, అన్నీ స్టిక్కర్లే. వీడు రాత్రంతా కూర్చుని వాటిని గోళ్ళతో పీకేశాడు. పొద్దున్నకి కాగితం పోయింది, బంక మిగిలింది. మే నెల, పైగా సముద్రం పక్క ఊరు, ఆ ఉక్కలో గిటార్ మీద మోచెయ్యి ఆనిస్తే వెంట్రుకలు ఊడొస్తున్నాయి.

"మావయ్యా, అమ్మ నెయిల్ పాలిష్ రిమూవర్ ఉంది, రాసేద్దామా?" అన్నాడు.

దాదాపు అరిచాను. ఎందుకంటే కాలేజీ రోజుల్లో నేను సరిగ్గా ఆ పనే చేశాను, అదీ నా గిటార్ మీద కాదు, ఒక ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారి పాత గిటార్ మీద. బంక వచ్చింది, దాంతో పాటు కింద ఉన్న మెరుపు కూడా మెత్తబడి దూదికి అంటుకుని వచ్చింది. అరచేతంత మచ్చ. ఆయన ఒక్క మాట అనలేదు, తిట్టినా బావుండేది.

అసలు ఈ బంక సంగతేంటంటే, అది మామూలు జిగురులా ఆరి గట్టిపడదు. ఫెవికాల్ రాస్తే అందులో నీళ్ళు ఆరిపోయి గట్టిపడుతుంది. స్టిక్కర్ జిగురు గట్టిపడితే పని చెయ్యదు, అది సగం ద్రవంగా, సగం ఘనంగా ఉండిపోవాలి. అలా ఉంటేనే వేలితో నొక్కగానే ఉపరితలంలో కంటికి కనపడని గుంటల్లోకి పాకి పట్టుకుంటుంది. అమెరికాలో రిచర్డ్ డ్రూ అనే ఆయన 1925లో కార్ల పెయింటింగ్ కోసం మాస్కింగ్ టేపు చేసింది ఇలాంటి జిగురుతోనే, ఆ తర్వాత పదేళ్ళకి, 1935లో స్టాంటన్ ఏవరీ వెనక కాగితం తీసి అంటించే లేబుళ్ళని వ్యాపారంగా మొదలుపెట్టాడు.

అరిసెల పాకం పట్టేవాళ్ళకి ఈ స్వభావం కొత్తగా చెప్పక్కర్లేదు. పాకాన్ని వేళ్ళ మధ్య మెల్లగా లాగితే తీగలా సాగుతుంది, ఒక్కసారిగా లాగితే పుటుక్కున తెగుతుంది. మెత్తటి జిగురూ అంతే. వేడిలో, నెమ్మదిగా లాగితే ద్రవంలా సాగి మధ్యలో తెగుతుంది, సగం స్టిక్కర్‌తో పోయి సగం గిటార్ మీదే ఉండిపోతుంది. కాస్త చురుగ్గా లాగితే ఘనంలా ప్రవర్తించి మొత్తంగా లేచొస్తుంది. మావాడు ఉక్కపోతలో ఓపిగ్గా పీకాడు కదా, బంక మిగలడానికి ఆ ఓపికే కారణం. అలాగని పాత గిటార్ మీద ఫట్‌మని లాగకండి, పూత బలహీనంగా ఉంటే అదీ లేచిపోతుంది. ఏళ్ళ తరబడి ఉండి ఎండిపోయి, పెళుసుబారిన స్టిక్కర్ అయితే లెక్క వేరు, దానికి హెయిర్ డ్రయ్యర్ గోరువెచ్చగా పట్టి మెత్తబరచాల్సిందే.

ఇక బంకని ఏది కరిగిస్తుంది? సబ్బునీళ్ళు కరిగించవు. జోయెల్ హిల్డెబ్రాండ్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పదార్థంలోని అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయో దాన్నిబట్టి ఒక అంకె ఇచ్చాడు. రెండు పదార్థాల అంకెలు దగ్గరగా ఉంటే అవి కలిసిపోతాయి, దూరమైతే కలవవు. సహజ రబ్బరు అంకె సుమారు 17, పెట్రోల్ జాతికి చెందిన హెక్సేన్‌ది 15, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్‌ది 20, నీళ్ళది 48. రబ్బరు జాతి బంకకి నీళ్ళు ఎందుకు పనికిరావో, అదే పెట్రోల్ జాతి నాఫ్తా ఎందుకు పనికొస్తుందో ఈ అంకెలు చూస్తే తెలిసిపోతుంది.

కానీ ఇంటర్నెట్ చిట్కాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి, "ఇది బంకని పోగొడుతుంది" అంటాయి. నిజమే, పోగొడుతుంది. కింద ఉన్నది ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న, దాని జవాబు గిటార్ గిటార్‌కీ మారుతుంది.

ఈరోజుల్లో వచ్చే మామూలు గిటార్ల మీద పాలీయురెథేన్ గానీ పాలియెస్టర్ గానీ పూస్తారు. ఆరేటప్పుడు వాటి అణువులు ఒకదానితో ఒకటి వలలా ముడిపడిపోతాయి, కాబట్టి అంత తేలిగ్గా కరగవు. పాతవాటి మీద, కొన్ని ఖరీదైన వాటి మీద నైట్రోసెల్యులోజ్ లక్కర్ ఉంటుంది. ఇది కేవలం ద్రావకం (కరిగించే ద్రవం) ఆవిరై గట్టిపడిన పొర, ఆ ద్రావకం మళ్ళీ తగిలితే మళ్ళీ కరుగుతుంది. నెయిల్ పాలిష్‌లో పొర కట్టేదీ చాలావరకు ఈ నైట్రోసెల్యులోజే! రిమూవర్‌లో అసిటోన్ దాన్ని కరిగించడానికే ఉంది, ఆ రోజు అది తన పని తాను చేసింది, తప్పంతా నాది.

మూడోది మనకి దగ్గరి చుట్టం. కొన్ని క్లాసికల్ గిటార్లకి షెల్లాక్ పూస్తారు, అంటే లక్క. ఏటికొప్పాక బొమ్మలకి అంకుడు కర్రని తిప్పుతూ, ఆ రాపిడి వేడికి కరిగించి పట్టించే లక్కే ఇదీ. పురుగు చేసే ఈ పదార్థం ఆల్కహాల్‌లో కరుగుతుంది, కనుక స్పిరిట్‌తో తుడిస్తే అంతే సంగతులు. శానిటైజర్ రాసుకుని ఆరకముందే అలాంటి గిటార్ ముట్టుకున్నా వేలిముద్రలు పడిపోతాయి.

ఏ పూతో తెలియకపోతే బయటికి కనపడని చోట, పిక్‌గార్డ్ (గీతలు పడకుండా తీగల పక్కన పెట్టే పలక) కిందో లోపలి అంచుకో, ఇయర్ బడ్ కొనతో ఒక చుక్క స్పిరిట్ పెట్టి చూడండి. జిగటగా మారితే లక్క. మారకపోతే ఒక చుక్క అసిటోన్, దానికి మెత్తబడితే లక్కర్. రెంటికీ చలించకపోతే ఊపిరి పీల్చుకోవచ్చు.

నేను చేసింది చెబుతాను. ముందు ద్రావకమే వాడలేదు. సెల్లో టేపు ముక్కని బంక మీద అద్ది లాగుతూ పోతే, బంకకి గిటార్ కన్నా బంక అంటేనే మక్కువ కాబట్టి చాలావరకు టేపుతో వచ్చేసింది. మిగిలినదాని మీద కొబ్బరినూనె పావుగంట ఉంచాను. నూనె జిగురులోకి ఇంకి దాన్ని ఉబ్బించి పట్టు తప్పిస్తుంది, ఏ పూతకీ హాని చెయ్యదు. కానీ పగుళ్ళ దగ్గర, సౌండ్ హోల్ (మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం) అంచు పూత లేని చెక్క దగ్గర నూనె వద్దు. అక్కడ ఇంకిందంటే రేపు రిపేర్‌కి జిగురు పెట్టినా పట్టదు.

అయినా మొండికేసిన నాలుగు మచ్చలకి నాఫ్తా, అంటే పాతకాలం సిగరెట్ లైటర్లో పోసే పెట్రోల్ (గ్యాస్ నింపే డబ్బా కాదు, షాపులో అదే చేతిలో పెడతారు, చూసుకోండి). మల్కాపురం వైపు 1957 నుంచి నడుస్తున్న రిఫైనరీలో ముడి చమురు నుంచి తీసేవాటిలో నాఫ్తా కూడా ఒకటి. లక్కర్‌నీ లక్కనీ ముట్టకుండా బంకని మాత్రం లాగేస్తుంది, నిమిషంలో ఆవిరైపోతుంది. ఆ ఆవిరికి నిప్పంటే మహా ఇష్టం, గాలికన్నా బరువు కాబట్టి నేల వెంట పాకుతుంది. అందుకే దేవుడి మూల దీపం కొండెక్కాకే కిటికీలు తీసి మొదలుపెట్టాం. పాత బనియన్ గుడ్డకి తడి అయ్యేంత చాలు, గిటార్ మీద పొయ్యకూడదు. బ్లేడు, టూత్‌పేస్ట్, గిన్నెలు తోమే పీచు, వీటి జోలికి వెళ్ళొద్దు, అవి కరిగించవు, గీస్తాయి. బండిలో పోసే పెట్రోల్ కూడా వద్దు, అందులో ఇంకా ఏవేవో కలుస్తాయి.

మధ్యాహ్నానికి బంక మొత్తం పోయింది. అప్పుడు కనిపించింది పుర్రె. రంగు కాదు, మరకా కాదు, చుట్టూ చెక్క వెలుతురుకి ఏళ్ళ తరబడి పసుపెక్కింది, స్టిక్కర్ కింద మాత్రం తెల్లగా ఉండిపోయింది, అంతే. మావాడు ఇంకాస్త నాఫ్తా అడిగాడు. అది ఏ ద్రావకానికీ పోదురా, అక్కడ కరిగించడానికి ఏమీ లేదు అన్నాను. అయితే డాబా మీద ఎండలో పెడతానన్నాడు. మే నెల ఎండలో పెడితే పుర్రె సంగతేమో గానీ తీగలు కట్టే బ్రిడ్జి చెక్కని పట్టుకున్న జిగురే మెత్తబడుతుంది. గిటార్ ఇప్పుడు హాల్లో కిటికీకి ఎదురుగోడకి వేలాడుతోంది, వాడు నెలకోసారి ఫోన్‌లో ఫోటో తీసి పుర్రె ఎంత తగ్గిందో చూసుకుంటున్నాడు.