ఫోనుతో ఇంగ్లీషు రాత నేర్పడం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. ఇంగ్లీషు మూడోది. వాళ్ల తల్లిదండ్రులు, తోటి మేస్టార్లు తరచూ అనే మాటలివి.

అపోహ: యాప్ తప్పులు దిద్దుతూ ఉంటే గ్రామర్ దానంతటదే వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. పిల్లాడు "మై ఫాదర్ టైలర్" అని రాస్తాడు. తెలుగులో "మా నాన్న టైలరు" అంటే వాక్యం పూర్తయినట్టే, ఒడియాలోనూ అక్కడ క్రియ లేకుండా జరిగిపోతుంది. యాప్ మధ్యలో "ఈజ్ ఎ" చేరుస్తుంది. వాడు ఒక్క నొక్కు నొక్కి, కింది పేరాలో "మై మదర్ నర్స్" అని రాస్తాడు. అందుకే మొదటిసారి రాసేటప్పుడు ఆటోకరెక్ట్ ఆపించేస్తాను. రెండోసారి సూచనలు కనబడనిచ్చి, ఆ మార్పు ఎందుకో చెప్పాకే ఒప్పుకోనిస్తాను.

అపోహ: తెలుగులో రాసి ట్రాన్స్‌లేట్‌లో పెడితే చాలు.

వాస్తవం: గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011లో, ఒడియా 2020లో వచ్చాయి. మా పిల్లలకి రెండూ పనికొస్తాయి. కానీ "జ్వరం వచ్చి నిన్న రాలేదు" అని ఇస్తే, రానిది నేనా, అతనా, వాళ్లా? మనకి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది, యంత్రం ఊహించుకుంటుంది. ముందు సొంతంగా ఇంగ్లీషులో రాయించి, తర్వాత యంత్రం ఇచ్చినదాన్ని దాని పక్కనే ఉంచి పోల్చి, కర్త ఎవరో వెతికించండి.

అపోహ: ఏఐతో రాయిస్తే డిటెక్టర్ (ఏఐ రాతని గుర్తుపడతానని చెప్పే సాఫ్ట్‌వేర్) పట్టేస్తుంది.

వాస్తవం: పిల్లలకి ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన వ్యాసాలను ఏడు డిటెక్టర్లకి ఇస్తే, అవి సగటున 61 శాతం వ్యాసాలను ఏఐ రాసిందన్నాయి. తెలిసిన కొద్ది మాటలతో సాదాగా రాసినవే వాటికి అనుమానాస్పదం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా తన డిటెక్టర్‌ని అదే ఏడాది జులైలో ఆపేసింది.

నేను చూసేది గూగుల్ డాక్స్‌లోని వెర్షన్ హిస్టరీ. కంప్యూటర్‌లో తెరిస్తే ఏ వాక్యం ఎప్పుడు చేరిందో, ఏది పోయిందో కనబడుతుంది. రథయాత్ర మీద రాస్తూ ఒకమ్మాయి చివరి వాక్యాన్ని పేరా మొదటికి తెచ్చింది. నోటుబుక్కులో అయితే నా చేతికి శుభ్రమైన ప్రతే వచ్చేది, ఆ అమ్మాయి చేసిన ఆలోచన నాకు తెలిసేది కాదు. "ఇక్కడికి ఎందుకు తెచ్చావమ్మా?" అని తెలుగులోనే కామెంట్ పెట్టాను. రాత నేర్పడమంటే నాకు ఈ ప్రశ్న వేయగలగడమే. వ్యాసం మొత్తం ఒక్కసారిగా పేస్ట్ అయినట్టు కనబడినా, తిట్టకుండా ముందు అడగండి. నోటుబుక్కులో రాసుకుని ఎక్కించి ఉండొచ్చు.

అపోహ: తలా ఒక ఫోను ఉండాలి.

వాస్తవం: ముగ్గురికి ఒకటి చాలు. ఒకరు చెబుతారు, ఒకరు టైపు చేస్తారు, మూడోవాళ్లు అడ్డుపడతారు. వాదన తెలుగులోనో ఒడియాలోనో సాగితే సాగనివ్వండి. సవర గిరిజన పిల్లలకి వాళ్ల సవర భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తిగారు పనిచేసిన ఊరిది. ఆఫ్‌లైన్ ఆన్ చేసి ఉంచితే నెట్ లేకపోయినా డాక్స్‌లో రాసుకోవచ్చు.

అపోహ: చేతిరాత పాడవుతుంది.

వాస్తవం: చివరి ప్రతిని నోటుబుక్కులో చేత్తో రాయించండి. బోర్డు పరీక్ష ఎలాగూ పెన్నుతోనే.