కుండీలో పుదీనా ఎండకి పోలేదు, ఉప్పుకి పోయింది

మా డాబా మీద పుదీనా కుండీ వరసగా రెండేళ్లు మే నెలలోనే పోయింది. ఆకుల అంచులు మాడిపోయి, కాడలు వేలాడేసేవి. పాపం ఎండ కదా అని ఇంకో చెంబు నీళ్లు పోసేదాన్ని, సాయంత్రానికి ఇంకా డీలా పడేది. ఒంగోలు ఎండ గురించి చెప్పేదేముంది, నింద దాని మీద వేసేసి ఊరుకున్నాను. ఒకరోజు కుండీ అంచున తెల్లగా పేరుకున్న పొరని గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను (మీరు చేయొద్దు). ఉప్పు!

మాది బోరు నీళ్లు. వాటితో టీ పెడితే గుటక దిగదు, మొక్కకి మాత్రం రోజూ అవే. కుండీలో పోసిన నీళ్లు కొన్ని ఆవిరవుతాయి, కొన్ని ఆకుల్లోంచి గాల్లో కలుస్తాయి, ఉప్పు మాత్రం చాలావరకు మట్టిలోనే ఉండిపోతుంది. లీటరుకి 1 గ్రాము ఉప్పున్న నీళ్లని రోజుకి అర లీటరు చొప్పున, అడుగు నుంచి చుక్క కారకుండా పోస్తూపోతే 100 రోజులకి 50 గ్రాములు. పొలంలో అయితే పెద్ద వాన పడితే అది కిందికి దిగిపోతుంది. కుండీలో ఎక్కడికి దిగుతుంది?

మాగాయకి ముక్కలు కోసి ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట వస్తుంది కదా, అదే సూత్రం. నీళ్లు ఉప్పు ఎక్కువున్న వైపుకి లాగబడతాయి. మామూలుగా మట్టిలో కంటే వేరులో లవణాలు ఎక్కువ కాబట్టి నీళ్లు వేరులోకి వస్తాయి. మట్టిలో ఉప్పు పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గిపోతుంది. మట్టి తడిగానే ఉంటుంది, మొక్క దాహంతో చస్తుంది. దీన్నే పుస్తకాల్లో ద్రవాభిసరణం అంటారు, చిన్నప్పుడు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదే!

ఇంకా ఘోరం, వృథా ఎందుకని ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు కూడా పోసేదాన్ని. సగం నీళ్లు శుద్ధయి సగం బయటికొస్తే, ఆ బయటి నీళ్లలో ఉప్పు దాదాపు రెట్టింపు. ఇప్పుడు అవి బాత్రూము కడగడానికి. కొబ్బరి పొట్టు వాడేవాళ్లు కూడా దాన్ని రెండుమూడుసార్లు కడిగి పిండి వాడండి, అందులోనూ ఉప్పుంటుంది.

పదిహేను రోజులకోసారి మంచినీళ్లు కుండీకి రెండింతలు, నిదానంగా, అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా పోస్తున్నాను. కింద పళ్లెం తీసేశాను, లేకపోతే కారిన ఉప్పునీళ్లే మళ్లీ పైకి పీల్చుకుంటుంది. ఇలా కడిగితే ఎరువు కూడా కొంత పోతుంది, అందుకని తర్వాత గుప్పెడు వర్మీ కంపోస్టు.

కొత్తిమీర సంగతి వేరు, దానికి నిజంగానే ఎండే శత్రువు. వేడికి ఆకు వేయడం మానేసి పూతకొచ్చేస్తుంది, అందుకే మేలో ధనియాలు చల్లడం మానేశాను. అక్టోబరు, నవంబరుల్లో మనకి వానలు పడతాయి కదా, అప్పుడు పుదీనా కుండీని చూరు కింద నుంచి తీసి నడి డాబా మీద పెట్టేస్తాను. వాన నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. పోయినసారి రెండు రోజుల ముసురు తర్వాత, ఎండిపోయాయనుకున్న కాడల కణుపుల దగ్గర చిగుళ్లు కనిపించాయి.