గోధుమగడ్డి రసం తాగితే రక్తం పడుతుందా? ఎర్ర రక్తకణాల మీద అపోహలు - వాస్తవాలు

నేను పాథాలజిస్ట్‌ని. హిమోగ్లోబిన్ కాస్త తక్కువని రిపోర్ట్‌లో కనబడగానే మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు తగ్గింది?" అని కాదు, "మేడమ్, ఏం జ్యూస్ తాగమంటారు?" అని. తప్పు వాళ్లది కూడా కాదు. హైదరాబాద్‌లో పొద్దున్నే పార్కు గేటు దాటేలోపు ఉసిరి, బీట్‌రూట్, గోధుమగడ్డి రసాలమ్మే బండి ఎదురవుతుంది, దాని మీద రక్తశుద్ధి అని ఒక బోర్డు. ఆ రసాల మీద నాకేం కోపం లేదు, ఆ బోర్డు మీదే.

అపోహ: ఎర్రటివి తింటే రక్తం పడుతుంది.

బీట్‌రూట్ ఎరుపు బీటానిన్ అనే రంగుది, దానిమ్మ ఎరుపు ఆంథోసయనిన్లది. హిమోగ్లోబిన్‌కీ వాటికీ చుట్టరికం లేదు. దానిమ్మ గింజలు 100 గ్రాములు తింటే వచ్చే ఇనుము అర మిల్లీగ్రాము లోపే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. మీరే కూడుకోండి. ఇక గోధుమగడ్డిలోని పత్రహరితం చూడ్డానికి హీమ్‌లాగే (హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) ఉంటుంది కానీ దాని మధ్యలో ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు. దాన్ని తీసి దీన్ని పెట్టే ఏర్పాటు మన ఒంట్లో లేదు.

అపోహ: మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు నేరుగా ఎర్ర కణంలోకి వెళ్లి కాపలా కాస్తాయి.

ఇది చదువుకున్నవాళ్లు కూడా నమ్మేది, ఎందుకంటే దీని వెనక నిజంగానే ప్రయోగాలున్నాయి. ఎర్ర కణాలను కడిగి గాజు గొట్టంలో వేసి, వాటిని పగలగొట్టే ఆక్సీకరణ రసాయనం కలిపి, అందులో క్వెర్సెటినో, గ్రీన్ టీ కాటెకిన్లో, ఇలాంటి మొక్కల యాంటీఆక్సిడెంట్ వేస్తే కణాలు పగలడం బాగా తగ్గుతుంది. అబద్ధం కాదు. కానీ ఆ గొట్టంలో వేసే మోతాదు చాలాసార్లు పదుల మైక్రోమోలార్లలో (ద్రవంలో ఎంత కలిసిందో చెప్పే కొలత) ఉంటుంది. మనం తిన్న తర్వాత రక్తంలో కనబడేది మామూలుగా ఒకట్రెండు మైక్రోమోలార్ల లోపే, అదీ పేగు, కాలేయం దాని రూపు మార్చేశాక, కొన్ని గంటలపాటు మాత్రమే. పసుపులోని కర్క్యుమిన్ సంగతి ఇంకా కష్టం, అసలు ఒంటికి పట్టేదే బహు కొంచెం. ఆహార పదార్థాలకు గాజు గొట్టంలో కొలిచి ఇచ్చిన యాంటీఆక్సిడెంట్ మార్కుల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది, ఆ అంకెలు మనిషి ఆరోగ్యం గురించి ఏమీ చెప్పవని. మన ప్యాకెట్ల మీద మాత్రం అలాంటి అంకెలు ఇంకా కనబడుతూనే ఉంటాయి.

మరి కణాన్ని కాపాడేదెవరు? తనను తానే. ఎర్ర కణానికి కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా ఉండవు, కొత్త ప్రోటీన్ తయారు చేసుకోలేదు. ఇంట్లో కట్టిచ్చిన పులిహోర పొట్లంతోనే దాదాపు 120 రోజుల ప్రయాణం చేయాలి. మోసేది ఆక్సిజన్ కాబట్టి రోజుకు 0.5 నుంచి 3 శాతం దాకా హిమోగ్లోబిన్ తనంతట తానే ఆక్సీకరణ చెందుతుంది, దాన్ని మళ్లీ దారికి తెచ్చే ఎంజైమ్ లోపలే ఉంది. ఆక్సీకరణను అడ్డుకునే కాటలేజ్, పెరాక్సిరెడాక్సిన్, గ్లూటాథయోన్ కూడా లోపలివే. గ్లూటాథయోన్‌ని ఎప్పటికప్పుడు రీఛార్జ్ చేయడానికి కావాల్సింది గ్లూకోజ్, దాంతోపాటు జీ6పీడీ అనే ఎంజైమ్. అంటే బయటి నుంచి వచ్చేవి అసలు లేవా అంటే, ఉన్నాయి: విటమిన్ ఇ కణం పొరలో కూర్చుని కొవ్వును కాపాడుతుంది, విటమిన్ సి దానికి సాయం. వేరుశనగలు, నిమ్మకాయ, ఉసిరి చాలు.

అపోహ: మొక్క నుంచి వచ్చింది కదా, హాని చేయదు.

నాకు టెన్షన్ పుట్టించేది ఇదొక్కటే. ఫావా బీన్స్ అనే ఒక రకం చిక్కుళ్లలో ఉండే వైసిన్, కాన్‌వైసిన్‌ అనే పదార్థాలు ఒంట్లో మారి ఎర్ర కణం మీద ఆక్సీకరణ దాడే చేస్తాయి. మామూలు మనిషి తట్టుకుంటాడు, జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో కణాలు పగిలి, కళ్లు పచ్చబడి, మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. (మన పందిరి చిక్కుడు వేరే మొక్క, కంగారు పడకండి.) ఈ లోపం ఉన్న పసిపిల్లల అరచేతులకు గోరింటాకు పెట్టినా ఇదే జరగవచ్చు, అందులోని లాసోన్ అనే రంగు చర్మం గుండా లోపలికి వెళ్తుంది. బట్టల్లో వేసే కలరా ఉండలతోనూ అంతే. అంతెందుకు, కుక్కకు ఉల్లిపాయ పెడితే దాని ఎర్ర కణాలు దెబ్బతిని రక్తహీనత వస్తుంది. మనం అదే ఉల్లిపాయను బిర్యానీ పక్కన పచ్చిగా నమిలేస్తాం.

అపోహ: ఐరన్ మాత్ర గ్రీన్ టీతో వేసుకుంటే రెండు లాభాలు.

ఒక్క లాభం కూడా ఉండదు. టీలోని పాలీఫినాల్స్ పేగులోనే ఇనుమును పట్టేసుకుంటాయి. ఇరానీ చాయ్ కూడా టీయే. మాత్రకీ భోజనానికీ కనీసం గంట దూరంలో తాగండి, పప్పులో నిమ్మకాయ పిండుకోండి. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బుతో ఇనుము పేరుకుపోయినవాళ్లకు మాత్రం లెక్క తిరగబడుతుంది: వాళ్లు విటమిన్ సి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, గుండెకు ప్రమాదం.

అపోహ: విటమిన్ సి డ్రిప్ అంటే ఉసిరికాయ తిన్నట్టే.

నోటితో తీసుకుంటే పేగు కొంతవరకే తీసుకుంటుంది. నరంలోకి ఎక్కిస్తే ఆ అడ్డు లేదు, పెద్ద మోతాదులో అది యాంటీఆక్సిడెంట్ పని మానేసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, జీ6పీడీ లేని కణాలు దానికి పగిలిపోతాయి. చర్మం మెరుపు కోసం డ్రిప్ పెట్టించుకునేవాళ్లు ముందు జీ6పీడీ టెస్ట్ అడగండి. మగవాళ్లలో ఈ లోపం ఎక్కువ, కానీ ఆడవాళ్లలో లేదనుకోవద్దు. ఇంకో మాట, కణాలు పగిలిన వారంలోనే ఈ టెస్ట్ చేయిస్తే నార్మల్ అని రావచ్చు, ఎందుకంటే లోపం ఎక్కువగా ఉన్న పాత కణాలు అప్పటికే పోయి, ఎంజైమ్ ఎక్కువగా ఉండే కొత్త కణాలే మిగులుతాయి. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయించండి, మధ్యలో రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి ల్యాబ్‌లో తప్పకుండా చెప్పండి.