నారు వాలింది దాహంతోనా, ఊపిరాడకనా?

టమాటా నారు పోసిన పది రోజులకు ఓ పొద్దున చూస్తే ట్రేలో ఒక మూల మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. నీళ్లు చాలలేదనుకుని క్యాన్ నిండా పోశాను. సాయంత్రానికి పక్క వరుసలూ పడిపోయాయి. ఒకటి పీకి చూస్తే, మట్టిని ఆనుకున్న చోట కాండం గోధుమ రంగుకు తిరిగి, తడి దారంలా సన్నబడి ఉంది. తెల్లగా ఉండాల్సిన వేరు చివర వేళ్ల మధ్య మెత్తగా జారిపోయింది. నారుకుళ్లు తెగులు! అది తెలియక నేనే దానికి నీళ్లు పోసి పెంచాను.

వేరు కూడా శ్వాసిస్తుంది. మట్టి రేణువుల సందుల్లో కొన్నింట నీరు, కొన్నింట గాలి ఉండాలి. అన్నీ నీటితో నిండితే ఆక్సిజన్ అందదు. గాలిలో కంటే నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు కాబట్టి తడిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. అదే అదనుగా నారుకుళ్లు తెచ్చే పిథియం అనే సూక్ష్మజీవి దాడి చేస్తుంది. దాన్ని మనం ఫంగస్ అనేస్తాం గానీ, నిజానికి అది వేరే వర్గానికి చెందిన జీవి. దాని బీజాలు మట్టిలోని నీటిలో ఈదుకుంటూ వేరును వెతుక్కుంటాయి.

మరి చేలో పంట బాగా పండే ఎర్రమట్టి ట్రేలో ఎందుకు బురదవుతుంది? వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజిని తడిపి, అడ్డంగా పట్టుకోండి. నీళ్లు కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ కారతాయి! స్పాంజి అదే, నీళ్లూ అవే, మారింది ఎత్తు మాత్రమే. పాత్రలో పోసిన మట్టీ అంతే, నీళ్లు కారడం ఆగాక కూడా అడుగున కొంత మందం తడితో నిండే ఉంటుంది. ఆ మందం పాత్ర లోతును బట్టి మారదు. చేలో ఆ నీరు ఇంకా లోతుకు దిగిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల ట్రే గడిలో దిగడానికి చోటేదీ? సన్నటి మట్టి వేస్తే గడి మొత్తం ఆ తడి పొరే అవుతుంది.

కోనసీమలో పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా కనిపించే కొబ్బరి పొట్టు నర్సరీల్లోకి వచ్చింది ఇందుకే. తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీటిని పట్టి ఉంచుతూనే గాలికీ చోటిస్తుంది. అయితే అందులో సహజంగానే ఉప్పు ఉంటుంది. మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగకుండా వాడితే లేత ఆకుల అంచులు మాడతాయి. దానిలో పోషకాలూ తక్కువే. గింజలో దాచుకున్న తిండి అయిపోయి అసలైన ఆకులు వచ్చేసరికి నారు పాలిపోతుంది. అందుకని నేను మూడు పాళ్ల పొట్టుకు ఒక పాలు బాగా చివికిన వర్మీకంపోస్టు కలుపుతాను. కంపోస్టు అంతకు మించితే మళ్లీ బిగుసుకుపోతుంది.

కొబ్బరి పొట్టు పైన పొడిగా, లేత రంగులో కనిపిస్తున్నా అడుగున చెమ్మ ఉంటుంది. కాబట్టి రంగు చూసి నీళ్లు పోయకండి. పొద్దున్నే ట్రేను ఒక చివర కాస్త పైకెత్తి చూడండి. నీళ్లు పోసిన వెంటనే ఎంత బరువుందో చేతికి గుర్తుంటే చాలు. తేలిగ్గా లేస్తేనే పోయండి. ఇంకా బరువుగా ఉంటే, మొక్క వాలినా సరే, చెంబు పక్కన పెట్టేయండి.