పిల్లి వెంట్రుక

సంక్రాంతికి హైదరాబాద్‌లో పెద్దవాళ్లు కూడా మేడలెక్కుతారు. ఈసారి మెహిదీపట్నంలో మా పక్కింటి బాబాయిగారు ధూల్‌పేట నుంచి డజను గాలిపటాలు తెచ్చి, ఒక్కొక్కదానికీ తానే కూర్చుని సూత్రం కట్టారు. ఆయనకు యాభై దాటాయి, బ్యాంకు ఉద్యోగం. మాంజా కోయకుండా చూపుడు వేలికి పట్టీ చుట్టుకుని, పటం పక్కకు వాలితే దారం వదులుతూ, నిలదొక్కుకుంటే లాగుతూ మధ్యాహ్నం భోజనం మాటే మరిచారు. అవతలి మేడ మీది కుర్రవాడి పటం తెగగానే ఆయన వేసిన గంతు చూసి పిన్నిగారు నవ్వు ఆపుకోలేకపోయారు. మామూలు రోజుల్లో క్యారమ్స్‌కు పిలిస్తే మాత్రం ఆయన జవాబు ఒకటే: "ఈ వయసులో ఆటలేమిటి బాబూ?"

నిజంగా వయసే కారణమా?

కొంతవరకు అవును. ఎలుకలనే చూడండి. పుట్టిన 30, 40 రోజుల మధ్య అవి మిగతా అన్ని వయసులకంటే హుషారుగా ఆడతాయి. ఒకదాని మెడ మీదికి మరొకటి ముక్కుతో ఎగబడుతుంది, వెల్లకిలా పడేస్తుంది, మరుక్షణం తానే కిందపడుతుంది. యుక్తవయసు దాటాక ఆ జోరు తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. ఆట మూలాలు మెదడులో చాలా లోతున ఉన్నాయి. పుట్టిన కొద్ది రోజులకే కార్టెక్స్ అనే పైపొరను తీసేసినా ఎలుకలు ఆడుకున్నాయి. ఒంటరిగా ఉంచిన పిల్లకు ఒక రోజు తర్వాత తోడు దొరికితే, మామూలుకంటే ఎక్కువగా ఆడి ఆ లోటు తీర్చుకుంటుంది. కడుపు మాడినవాడు అన్నం మీద పడ్డట్టే!

ఈ సంగతులు బయటపెట్టినవారిలో ముఖ్యుడు జాక్ పాంక్‌సెప్. ఎస్టోనియాలో పుట్టి అమెరికాలో పరిశోధన చేశారు. ఆడేటప్పుడూ, చక్కిలిగింతలు పెట్టినప్పుడూ ఎలుకలు 50 కిలోహెర్ట్జ్ అంత హెచ్చు స్వరంలో కిచకిచలాడతాయని 1990ల చివర్లో ఆయన బృందం గమనించింది. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినలేదు కాబట్టి ఆ సంబరం అంతకాలం మన పక్కనే ఉండీ మనకు తెలియలేదు.

నన్ను కదిలించింది మాత్రం ఆయన చేసిన మరో ప్రయోగం. హాయిగా ఆడుకుంటున్న ఎలుకపిల్లల మధ్య కాసిని పిల్లి వెంట్రుకలు పెట్టారు. పుట్టి బుద్ధెరిగి పిల్లిని చూడని పిల్లలవి. అయినా ఆట ఠక్కున ఆగిపోయింది. వెంట్రుకలు తీసేసిన తర్వాత కూడా రోజుల తరబడి మునుపటిలా ఆడలేదు. ఆడుకునే శక్తి వాటిలో అలాగే ఉంది, నిశ్చింత పోయింది, అంతే. గోర్డన్ బర్గార్ట్ అనే శాస్త్రవేత్త ఏది ఆటో, ఏది కాదో తేల్చడానికి పెట్టిన ఐదు షరతుల్లో ఇదీ ఒకటి: ఆడే ప్రాణికి ఆకలి, భయం, ఒత్తిడి ఉండకూడదు.

ఎలుక నుంచి మనిషికి ఒక్క అంగలో దూకకూడదని నాకు తెలుసు. అయినా ఇంటి అప్పు వాయిదా, నెలాఖరు లెక్కలు, ఆదివారం కూడా మోగే ఫోను మన గదిలోని పిల్లి వెంట్రుకలేనని నా నమ్మకం. పైగా ఆటకు తోడు కావాలి. నలుగురికీ ఒకే గంట ఖాళీ దొరకడమే గగనం. గచ్చిబౌలిలో రాత్రి పదకొండు గంటలకు లైట్ల కింద గంటకు ఇంత అని కట్టి క్రికెట్ ఆడే ఉద్యోగులను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఆటపై వాళ్ల ఆకలి చావలేదు, రాత్రి దాకా దానికి చోటు దొరకలేదు. బరువు తగ్గడానికని లెక్కపెట్టుకుంటూ వేసే పదివేల అడుగులను మాత్రం నేను ఆట అనను, అదీ ఒక పనే.

కనుమ నాటి సాయంత్రం బాబాయిగారికి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. దారం నా చేతికిచ్చి పిట్టగోడ దగ్గరికి వెళ్లి మాట్లాడారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగి వచ్చాక దారం అందించాను. అందుకున్నారు. పటం పైన బాగానే ఎగురుతోంది, ఆయన చూపు మాత్రం గోడ మీద పెట్టిన ఫోను దగ్గరే ఉండిపోయింది.