మామగారి అప్పు, ముగ్గురు అల్లుళ్లు

1773 మేలో, అప్పటికి అమెరికాలో బ్రిటిష్ కాలనీగా ఉన్న వర్జీనియాలో జాన్ వేల్స్ అనే లాయరు చనిపోయాడు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లోని ఫారెల్ అండ్ జోన్స్ కంపెనీ తరఫున తోటల యజమానుల దగ్గర బాకీలు వసూలు చేసిన ఏజెంటు ఆయన. తీరా చూస్తే ఆయనే ఆ కంపెనీకి పెద్ద బాకీదారు.

ఆ రోజుల్లో అప్పు పేరుకునే తీరు ఇది. వెయ్యి పౌండ్ల బరువు దాకా పట్టే పీపాల్లో పొగాకు ఓడెక్కేది. ఇంగ్లండ్‌లో వ్యాపారి దాన్ని అమ్మి, సుంకం, ఓడ కిరాయి, తన కమిషన్ పోగా మిగిలింది తోట యజమాని ఖాతాలో జమ కట్టేవాడు. యజమాని తెప్పించుకున్న బట్టలు, పనిముట్లు అదే ఖాతాలో ఖర్చు రాసేవాడు. పొగాకు ధర పడిన ఏడు బాకీ మిగిలేది, దానిమీద వడ్డీ నడిచేది. 1772లో బ్రిటన్‌లో బ్యాంకులు కూలాక వ్యాపారులు పాత బాకీల కోసం మెడమీద కూర్చున్నారు. 1732 నాటి బ్రిటిష్ చట్టం వాళ్లకు అండ: కాలనీల్లో బాకీ కింద భూమినీ, ఇళ్లనూ, బానిసలనూ కూడా జప్తు చేసి అమ్మించవచ్చు.

వీలునామా అమలు చేసేవాళ్లు ముందు ఆస్తి జాబితా రాయించాలి, బాకీలు తీర్చాలి, మిగిలితే పంచుకోవాలి. వేల్స్ అల్లుళ్లు థామస్ జెఫర్సన్, ఫ్రాన్సిస్ ఎప్స్, హెన్రీ స్కిప్‌విత్ 1774లో ముందే పంచేసుకున్నారు. జెఫర్సన్ భార్య వాటాకు సుమారు 11,000 ఎకరాలు, 135 మంది బానిసలు వచ్చారు. దాంతోపాటు దాదాపు 4,000 పౌండ్ల అప్పు. ఆస్తి ఉమ్మడిగా ఉంటే బాకీ దానివరకే ఉండేది. పంచుకోవడంతో అది ముగ్గురు తోడల్లుళ్ల సొంత మెడకు చుట్టుకుంది. అసలు తప్పు ఇదే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దాన్ని పెద్దది చేసిందంతే.

జెఫర్సన్ అప్పు కోసం భూములు అమ్మాడు గానీ, కొన్నవాళ్లు యుద్ధకాలంలో విలువ పడిపోయిన కాగితపు డబ్బు ఇచ్చారు. 1777 వర్జీనియా చట్టం ప్రకారం బ్రిటిష్ బాకీని ఆ కాగితాలతోనే రాష్ట్ర రుణ కార్యాలయంలో కట్టవచ్చు. ఆయనా కొంత కట్టాడు. కానీ యుద్ధాన్ని ముగించిన 1783 పారిస్ ఒప్పందంలోని నాలుగో అధికరణం పాత బాకీలకు పూర్తి స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండ్ల) విలువ వసూలు చేసుకోవచ్చంది. 1790లో ఆయన కంపెనీ ఏజెంటుకు ఏడు వార్షిక వాయిదాలకు బాండ్లు రాసిచ్చాడు. భూములతోపాటు మనుషులనూ అమ్మాడు.

ఇదే కంపెనీ బాకీపై నడిచిన వేర్ వర్సెస్ హిల్టన్ కేసులో 1796లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది: రాష్ట్ర ఖజానాలో కట్టిన కాగితాలు చెల్లవు, ఒప్పందమే పైచేయి. బాకీదారుల తరఫున వాదించి ఓడినవాడు తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన జాన్ మార్షల్. వసూలు కాని మిగతా బాకీల కింద 1802లో అమెరికా ప్రభుత్వమే బ్రిటన్‌కు 6,00,000 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పుడు అధ్యక్షుడు జెఫర్సనే.